ఎన్‌క్లెక్స్ ఫెయిలైనవాళ్లకి యూవరల్డ్ పనికొస్తుందా? నా రివ్యూ

ఎన్‌క్లెక్స్ అంటే అమెరికాలో నర్సు లైసెన్స్ కోసం రాసే పరీక్ష, యూవరల్డ్ అంటే దానికి చదువుకోవడానికి డబ్బు కట్టి వాడుకునే ప్రశ్నల బ్యాంకు. ఫెయిలైనవాళ్లకి అది పనికొస్తుందా అంటే, ముందే చెప్పేస్తాను. పనికొస్తుంది, కానీ అందరికీ కాదు, అందరూ చెప్పే కారణానికీ కాదు. "రెండు వేల పైచిలుకు ప్రశ్నలున్నాయి, అన్నీ చేసేస్తే పాస్ గ్యారంటీ" అని చెప్పి కొనిపించేవాళ్లు మన నర్సుల వాట్సాప్ గ్రూపుల్లో బోలెడుమంది ఉన్నారు, వాళ్ల మాట పట్టుకుని కొంటే మాత్రం డబ్బులు దండగే. నేను ఎన్‌క్లెక్స్ ఆర్ఎన్ ఫెయిలయ్యాకే ఇది కొన్నాను, దీంతో చదివి హైదరాబాద్ సెంటర్‌లో రాసి పాసయ్యాను, అందుకే రాస్తున్నాను. ఇందులో మనం డబ్బు పెట్టేది ప్రశ్నలకి కాదు, ప్రతి ప్రశ్న కింద వచ్చే వివరణకి, అందులోనూ తప్పు ఆప్షన్ ఎందుకు తప్పో రాసిన ఆ పేరాలకి. అది చదివే ఓపిక లేకపోతే కొనకండి.

నా సంగతి రెండు ముక్కల్లో: తెనాలి వైపు మాది, జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి తర్వాత పోస్ట్ బేసిక్ బీఎస్సీ, హైదరాబాద్‌లో కార్పొరేట్ హాస్పిటల్ ఐసీయూలో డ్యూటీ. అంటే చేతిపని రాక ఫెయిలవ్వలేదు. వెంటిలేటర్ అలారం మోగితే ఏం చేయాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. అదే విచిత్రం, ఐసీయూలో ఏళ్ల తరబడి చేసిన సిస్టర్లు ఫెయిలవుతుంటారు, కాలేజీ నుంచి బయటికొచ్చిన పిల్లలు ఒక్కసారికే కొట్టేస్తుంటారు. మొదట్లో నాకూ అర్థమయ్యేది కాదు.

యూవరల్డ్‌కి ముందు ఏం జరిగిందో చెప్పకపోతే దీని విలువ తెలీదు. ఊళ్లో ఒక కోచింగ్ సెంటర్‌లో చేరాను, పేరు చెప్పను. ఫీజు మొత్తం ముందే కట్టించుకున్నారు. క్లాసంటే ఒక సార్ వచ్చి స్లైడ్లు చదవడం, అయ్యాక "రీకాల్స్" అని ఒక లావు పీడీఎఫ్ చేతిలో పెట్టడం. పరీక్ష రాసొచ్చినవాళ్లు గుర్తుపెట్టుకుని చెప్పిన ప్రశ్నలట. బట్టీ పట్టమన్నారు. పరీక్ష రాసే ప్రతి ఒక్కరూ ప్రశ్నలు బయట చెప్పనని ఒప్పుకునే లోపలికి వెళ్తారు, అది తప్పితే రిజల్టే రద్దు కావచ్చు, ఆ సంగతి సెంటర్‌లో ఎవరూ ఎత్తలేదు. అది పక్కన పెట్టినా, కంప్యూటర్ ఒక్కొక్కరికి ఒక్కో ప్రశ్న వేసే పరీక్షకి పాత ప్రశ్నలు బట్టీ పట్టడం ఏంటో! ఫెయిలై వెళ్తే "నీకు కాన్ఫిడెన్స్ లేదమ్మా, మళ్లీ బ్యాచ్‌లో చేరు, సగం ఫీజే" అన్నారు.

పరీక్ష సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం. అమెరికాలో రిజిస్టర్డ్ నర్సుగా లైసెన్స్ కావాలంటే ఎన్‌క్లెక్స్ ఆర్ఎన్ రాయాలి, దాన్ని తయారుచేసేది ఎన్‌సీఎస్‌బీఎన్ (అక్కడి స్టేట్ నర్సింగ్ బోర్డులన్నీ కలిసిన కౌన్సిల్), పెట్టేది పియర్సన్ వ్యూ సెంటర్లలో. కెనడాలో 2015 నుంచి దాదాపు అన్ని చోట్లా ఇదే పరీక్ష, ఆస్ట్రేలియాకి వెళ్లే చాలామంది మన నర్సులకీ ఇప్పుడు ఇదే. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త పద్ధతి వచ్చింది, నెక్స్ట్ జనరేషన్ అంటారు. తక్కువలో తక్కువ 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150, టైమ్ ఐదు గంటలు. అందులో 15 ప్రశ్నలకి అసలు మార్కులే లేవు, వాళ్లు ముందు ముందు వాడుకోవడానికి పరీక్షించి చూసుకునేవి, ఏవి అవో మనకి తెలియదు. మనం సరిగ్గా చేస్తే ప్రశ్న కష్టమవుతుంది, తప్పు చేస్తే తేలికవుతుంది, వెనక్కి వెళ్లి మార్చుకోవడం కుదరదు. మనం పాస్ గీతకి పైనున్నామో కిందున్నామో 95 శాతం నమ్మకంగా తేలగానే కంప్యూటర్ ఆగిపోతుంది.

"85కే ఆగిపోయిందా, అయితే పాసే" అని ఒక పుకారు తిరుగుతుంటుంది కదా, అది ఉత్తదే. 85కి ఆగిపోయి ఫెయిలైనవాళ్లున్నారు, 150 దాకా వెళ్లి పాసైనవాళ్లున్నారు. గీతకి చాలా పైనున్నా త్వరగా ఆగుతుంది, చాలా కిందున్నా త్వరగా ఆగుతుంది, అంతే.

ఫెయిలైతే మళ్లీ రాయడానికి కనీసం 45 రోజులు ఆగాలి, ఆ పైన మీ స్టేట్ బోర్డ్ (మీరు లైసెన్స్‌కి అప్లై చేసిన అమెరికా రాష్ట్రపు నర్సింగ్ బోర్డ్) రూల్ ఇంకోలా ఉంటే అది. డబ్బు లెక్క మాత్రం కడుపు మండిస్తుంది: పరీక్ష ఫీజు 200 డాలర్లు, అమెరికా బయట రాస్తున్నందుకు ఇంకో 150, దాని మీద ట్యాక్స్. రాసిన ప్రతిసారీ ఇదంతా మళ్లీ. మన జీతాల్లో అది ఎంతో ఐసీయూ సిస్టర్లకి నేను చెప్పక్కర్లేదు. అందుకే యూవరల్డ్ ధర చూసి అమ్మో అనుకునేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, ఇంకోసారి ఫెయిలవడం దానికంటే ఖరీదు.

ఇక అసలు విషయం. యూవరల్డ్ అనేది ప్రధానంగా ప్రశ్నల బ్యాంకు. మూడు నెలలకో నెలకో ఇలా ప్లాన్ కొనుక్కోవాలి, లాప్‌టాప్‌లోనూ ఫోన్ యాప్‌లోనూ వస్తుంది. ఒక చిన్న పిడకల వేట: దీన్ని 2003లో మొదలుపెట్టింది మా బుర్రిపాలెం ఆయనే, పెమ్మసాని చంద్రశేఖర్. 2024లో గుంటూరు ఎంపీగా గెలిచి కేంద్రంలో సహాయమంత్రి అయ్యారే, ఆయనే. ఉస్మానియాలో ఎంబీబీఎస్ చేసి అమెరికా వెళ్లి, డాక్టర్లు రాసే యూఎస్ఎంఎల్ఈ కోసం ప్రశ్నలు తయారుచేయడంతో మొదలైంది, నర్సింగ్ తర్వాత కలిసింది. బుర్రిపాలెం అంటే ఇన్నాళ్లూ సూపర్‌స్టార్ కృష్ణ ఊరనే చెప్పుకునేవాళ్లం. నేను డబ్బు కట్టాక గానీ నాకు ఈ సంగతి తెలియదు, తెలిశాక మా నాన్న "మరి మన ఊరివాళ్లకి తగ్గించరా?" అని అడిగాడు. తగ్గించరు నాన్నా.

ప్రశ్నలు రెండు రకాలుగా చేయొచ్చు. ట్యూటర్ మోడ్ పెడితే ఒక్కో ప్రశ్నకి జవాబు ఇవ్వగానే వివరణ వస్తుంది, టైమ్ మోడ్ పెడితే అసలు పరీక్షలా చివర్లో వస్తుంది. నేను ట్యూటర్ మోడ్ ఎక్కువ వాడాను. జవాబు తప్పయితే సరే, ఒప్పయినా సరే, కింద వివరణ మొత్తం చదవడమే నా పద్ధతి. సరైన ఆప్షన్ ఎందుకు సరైనదో, మిగతా మూడు ఎందుకు కాదో విడివిడిగా రాస్తారు, బొమ్మలుంటాయి, చివర్లో రెండు లైన్లలో ఇందులో నేర్చుకోవాల్సింది ఏంటో ఉంటుంది. ఏ ఆప్షన్‌ని ఎంతమంది నొక్కారో శాతం కూడా చూపిస్తుంది. నేను నొక్కిన తప్పు ఆప్షన్‌నే ఇంకో నలభై శాతం మంది నొక్కారని చూసినప్పుడు కొంచెం హాయిగా ఉండేది, అబద్ధమెందుకు.

ఈ వివరణల వల్ల నాకు అర్థమైంది ఏంటంటే, ఎన్‌క్లెక్స్ అడిగేది జబ్బుల గురించి కాదు, అమెరికాలో ఆర్ఎన్ అనే మనిషి ఎలా ఆలోచిస్తుందో దాని గురించి. మన వార్డులో మనం ఆలోచించే తీరు వేరు. ఒక ఉదాహరణ చెప్తాను, యూవరల్డ్‌లో ఉన్నది కాదు, నేను కట్టింది, కానీ ప్రశ్నలు ఇలాగే ఉంటాయి.

నలుగురు పేషెంట్లు. ఒకాయనకి సీఓపీడీ (ఏళ్ల తరబడి ఉండే ఊపిరితిత్తుల జబ్బు), ఆక్సిజన్ 89 శాతం. ఇంకొకావిడకి నిన్న థైరాయిడ్ తీసేశారు, మూతి చుట్టూ తిమ్మిరిగా ఉందంటోంది. మూడో ఆయన ఆపరేషనై నొప్పి పదికి ఎనిమిది అంటున్నాడు. నాలుగో ఆవిడ షుగర్ 220. ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు? మన దగ్గరైతే నొప్పి ఆయన దగ్గరికే, ఎందుకంటే ఆయన కొడుకు అప్పటికే నర్సింగ్ స్టేషన్ దగ్గరికొచ్చి అరుస్తుంటాడు. సీఓపీడీ ఆయన ఆక్సిజన్ చూసి కంగారుపడేవాళ్లూ ఉంటారు, కానీ సీఓపీడీలో 88 నుంచి 92 ఉంటే చాలు, అది ఆయనకి మామూలే. షుగర్ 220 ఈ క్షణంలో ప్రాణం తీయదు. మూతి చుట్టూ తిమ్మిరి అన్న ఆవిడే ముందు. థైరాయిడ్ తీసేటప్పుడు పక్కనున్న పారాథైరాయిడ్ దెబ్బతింటే కాల్షియం పడిపోతుంది, ఆ తర్వాత గొంతు బిగుసుకుపోయి ఊపిరాడకపోవచ్చు. ఆమె గట్టిగా అరవలేదు, చిన్న మాటగా చెప్పింది, పరీక్ష పట్టుకునేది అక్కడే. ఎవరు ఎక్కువ బాధపడుతున్నారని కాదు, ఎవరికి రాబోయే ప్రమాదం పెద్దది, ఎవరిది ఆ జబ్బులో మామూలుగా ఉండేది కాదు, అది చూడాలి. ఈ ఒక్క చూపు అలవాటవడానికి నాకు కొన్ని వందల వివరణలు పట్టాయి. పుస్తకంలో ఒక పేజీలో చదివితే రాదు ఇది.

డెలిగేషన్ ప్రశ్నలు ఇంకో గొడవ. అక్కడ ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) కింద ఎల్‌పీఎన్ (లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్స్) ఉంటుంది, ఆమె కింద నర్సింగ్ అసిస్టెంట్లు ఉంటారు. ఎవరికి ఏ పని చెప్పొచ్చు, ఎవరికి చెప్పకూడదు అని అడుగుతారు. కొత్తగా వచ్చిన పేషెంట్‌ని మొదటిసారి చూడటం, మొదటిసారి నేర్పించడం, పరిస్థితి ఎటు పోతుందో తెలియని పేషెంట్, ఇవన్నీ ఆర్ఎన్ చేతిలోనే ఉండాలి. నిలకడగా ఉన్న పేషెంట్‌కి మందులు, డ్రెస్సింగ్ లాంటివి ఎల్‌పీఎన్‌కి ఇవ్వొచ్చు. స్నానం, నిలకడగా ఉన్నవాళ్ల బీపీ, యూరిన్ కొలిచి రాయడం అసిస్టెంట్‌కి. అన్నం తినిపించడం కూడా అసిస్టెంట్‌కే, కానీ స్ట్రోక్ వచ్చి మింగడం కష్టమైనవాళ్లకి కాదు. మన దగ్గర ఇలాంటి మెట్లెక్కడివి? ఐసీయూలో అన్నీ మనమే, వార్డులో అయితే అన్నం పెట్టేది కూతురో కోడలో, యూరిన్ బ్యాగ్ ఖాళీ చేసేది ఆయమ్మ. జీవితంలో ఎవరికీ పని పంచి ఇవ్వనివాళ్లని పని ఎలా పంచుతావని అడిగితే ఏం చెప్తాం. పరీక్షలో పెద్ద వాటా కూడా ఈ విభాగానిదే, మేనేజ్‌మెంట్ ఆఫ్ కేర్ అంటారు, 2023 టెస్ట్ ప్లాన్‌లో 15 నుంచి 21 శాతం. ఆ తర్వాత మందులది, 13 నుంచి 19 శాతం.

అన్నిటికంటే నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది సైకియాట్రీలో వచ్చే మాటల ప్రశ్నలు. పేషెంట్ ఏడుస్తోంది, "నేను బతుకుతానా సిస్టర్?" అంటోంది, నర్సు ఏమనాలి? మనం పుట్టి పెరిగిందే "ఏం కాదులే అమ్మా, అంతా బాగైపోతుంది, దేవుడున్నాడు" అనే మాటల మధ్య. మా ఇన్‌చార్జ్ సిస్టర్ ఆ మాట అంటే సగం జబ్బు తగ్గేది, ఒట్టు. ఎన్‌క్లెక్స్‌లో ఆ ఆప్షన్ నొక్కితే తప్పు. మన చేతిలో లేనిదాని మీద ధైర్యం చెప్పడం, ఆమె భయాన్ని మాట్లాడనివ్వకుండా మూత వేయడం కింద లెక్క. "ఎందుకలా అనుకుంటున్నారు?" అని అడిగినా తప్పే, నిలదీసినట్టు ఉంటుంది కాబట్టి. "మీకు దేని గురించి భయంగా ఉందో చెప్పండి" లాంటిదే సరైనది. ఇలాంటివి యూవరల్డ్‌లో చేస్తుంటే మొదట్లో చిరాకొచ్చేది, ఏంటి ఈ నాటకం అని. ఒప్పుకుంటానో లేదో వేరే సంగతి (మా వార్డులో ఇప్పటికీ "ఏం కాదులే అమ్మా" అనే అంటాను), పరీక్షకి మాత్రం ఆ తీరు పట్టుబడింది.

ఇలాంటివే ఇంకా ఉన్నాయి. ఆపరేషన్ సంగతి పేషెంట్‌కి వివరించడం డాక్టర్ పని, నర్సు సంతకానికి సాక్షి మాత్రమే, పేషెంట్ "నాకు అర్థం కాలేదు" అంటే మనం చెప్పేయకూడదు, డాక్టర్‌ని పిలవాలి. జబ్బు పేరు కొడుక్కి ముందు చెప్పి తల్లికి దాచడం, మన ఇళ్లల్లో రోజూ జరిగేదే, అక్కడ అది పేషెంట్ హక్కుని తీసేయడం. ట్యూబ్ పీక్కుంటున్నాడని గాజుగుడ్డతో చేతులు కట్టేయడం ఐసీయూల్లో మామూలు, పరీక్షలో చేతులు కట్టడం అన్నీ ప్రయత్నించాక ఆఖరున, అదీ ఆర్డర్ ఉంటేనే, ముడి వెంటనే విప్పేలా ఉండాలి, కదిలే రైలింగ్‌కి కట్టకూడదు. పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు ఎందుకు ఫెయిలవుతారో ఇక్కడ తెలుస్తుంది. అనుభవం అడ్డొస్తుంది. ప్రశ్నలోని హాస్పిటల్‌లో అన్నీ ఉంటాయి, అందరూ ఉంటారు, మీ ముందు ప్రశ్నలో చెప్పిన పేషెంట్లే, మీకు కావలసినంత టైమ్. మీ వార్డుని మర్చిపోయి ఆ హాస్పిటల్లో డ్యూటీ చేయాలి.

మందుల పేర్ల గురించి ఒక మాట, ఇది కోచింగ్‌లో ఎవరూ చెప్పలేదు. పరీక్షలో బ్రాండ్ పేర్లు రావు, జెనరిక్ పేర్లే, అవీ అమెరికా వాడుకలో. మన పారాసిటమాల్ అక్కడ అసిటమినోఫెన్. అడ్రినలిన్ అంటే ఎపినెఫ్రిన్, సాల్బుటమాల్ అంటే ఆల్బ్యుటెరాల్, పెథిడిన్ అంటే మెపెరిడిన్, గ్లిబెన్‌క్లమైడ్ అంటే గ్లైబ్యూరైడ్. యూవరల్డ్ అంతా ఆ పేర్లతోనే ఉంటుంది కాబట్టి చేస్తూ చేస్తూ అలవాటైపోతుంది, నేను ఒక చిన్న నోట్‌బుక్‌లో రెండు కాలమ్‌లుగా రాసుకున్నాను.

కొత్త రకం ప్రశ్నలకి ఇది బాగా పనికొచ్చింది. కేస్ స్టడీ అంటే ఒకే పేషెంట్ మీద ఆరు ప్రశ్నలు వరసగా వస్తాయి, నర్స్ నోట్స్, ల్యాబ్ రిపోర్టులు, డాక్టర్ ఆర్డర్లు పక్కన ట్యాబుల్లో ఉంటాయి. ముందు ఏది గమనించావు, దాన్నిబట్టి ఏమనుకున్నావు, వాటిలో ఏది ముఖ్యం, ఏం చేయొచ్చు, ఏం చేశావు, పని చేసిందా లేదా, ఈ వరసలోనే నడుస్తాయి. ప్రతివాళ్లకి ఇలాంటి కేసులు కనీసం మూడు వస్తాయి. బౌటై అని ఇంకోటుంది, మధ్యలో జబ్బు, ఒక పక్క చేయాల్సిన పనులు, ఇంకో పక్క చూస్తుండాల్సినవి లాగి పెట్టాలి. మొదటిసారి తెర మీద చూస్తే కళ్లు తిరుగుతాయి, ఇంట్లో ముందే చూసి ఉంటే తిరగవు. ఇవి ఉచితంగా చూడాలంటే ఎన్‌సీఎస్‌బీఎన్ వాళ్ల సైట్‌లోనే నమూనా ప్రశ్నలున్నాయి, టెస్ట్ ప్లాన్ కూడా ఉచితంగానే దొరుకుతుంది, ఎవరికీ డబ్బులు ఇవ్వకండి.

"సరైనవన్నీ ఎంచుకో" రకం ప్రశ్నల గురించి ఇంకా పాత భయమే తిరుగుతోంది. ఒకప్పుడు ఒక్కటి తప్పినా మొత్తం సున్నా. ఇప్పుడు అలా కాదు, సరైనది నొక్కితే ఒకటి కలుస్తుంది, తప్పుది నొక్కితే ఒకటి పోతుంది, సున్నా కంటే కిందికి మాత్రం వెళ్లదు. అంటే తెలియనిది గుడ్డిగా నొక్కడం నష్టం, తెలిసినవి నొక్కి వదిలేయడం లాభం. యూవరల్డ్‌లో కూడా మార్కులు ఇలా పాక్షికంగా వేసి చూపిస్తారు, ఎక్కడ అత్యాశకి పోయానో తెలిసేది.

మార్కుల గురించి భయపడేవాళ్లకి. దీనిలో శాతాలు తక్కువే వస్తాయి. నాకు మొదట్లో నలభైల్లో, తర్వాత యాభైల్లో, ఎప్పుడూ డెబ్బై ముఖం చూడలేదు. మన టెన్త్, ఇంటర్ లెక్కలో చూసుకుంటే ఏడుపొస్తుంది. కానీ ఇది అలా చూసే సంఖ్య కాదు, మిగతావాళ్లతో పోలిస్తే మీరెక్కడున్నారో చూపించే ర్యాంక్ పక్కనే ఉంటుంది, దాన్ని చూడండి. చివర్లో సెల్ఫ్ అసెస్‌మెంట్ అని అసలు పరీక్ష లాంటిది ఉంటుంది, పాసయ్యే అవకాశం చాలా ఎక్కువ, ఎక్కువ, బోర్డర్‌లైన్ ఇలా చెప్తుంది. అది నిద్ర చాలకుండా నైట్ డ్యూటీ దిగి రాయకండి, ఒకావిడ అలా రాసి బోర్డర్‌లైన్ వచ్చిందని డేట్ మార్చుకుని కూర్చుంది.

నచ్చనివి లేవా అంటే ఉన్నాయి. ధర డాలర్లలో, రూపాయి పడిపోయిన ప్రతిసారీ మనకి పెరుగుతుంది. వివరణలు పొడుగు, ఇంగ్లీష్ మీడియంలో చదవని వాళ్లకి మొదటి కొన్ని వారాలు నత్తనడకే. సబ్జెక్ట్ బేసిక్స్ మర్చిపోయినవాళ్లకి ఇది మొదటి మెట్టు కాదు. యాసిడోసిస్, ఆల్కలోసిస్ తేడా తెలియకుండా ప్రశ్నల్లో దిగితే ప్రతి వివరణా కొత్త పాఠంలా అనిపించి పది ప్రశ్నలకే రోజైపోతుంది. వాళ్లు ముందు ఒక మంచి టెక్స్ట్‌బుక్‌తో ఫ్లూయిడ్స్, ఎలక్ట్రోలైట్స్, గుండె, ఊపిరితిత్తులు, ఓబీ (కాన్పుల విభాగం) ఒకసారి చూసుకుని రావాలి. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ లాంటివి మాత్రం ప్రశ్నలతోనే నేర్చుకోవచ్చు: టీబీ, తట్టు, అమ్మవారు (చికెన్‌పాక్స్) అయితే గాలి ద్వారా సోకే జబ్బులకి తీసుకునే జాగ్రత్తలు, ఎన్95, నెగటివ్ ప్రెషర్ గది, సీ డిఫ్ (విరేచనాలు తెప్పించే ఒక బ్యాక్టీరియా) అయితే చేతులకి శానిటైజర్ కాదు, సబ్బూ నీళ్లూ. ఇలాంటివి నాలుగుసార్లు తప్పు నొక్కితే ఐదోసారి మర్చిపోరు.

అకౌంట్ షేరింగ్ గురించి అడుగుతారని తెలుసు. నలుగురు కలిసి ఒకటి కొని వాడుకోవడం కంపెనీ రూల్స్‌కి విరుద్ధం, పట్టుబడితే అకౌంట్ ఆపేస్తారు. అది అటుంచితే, పక్కావిడ చేసేసిన ప్రశ్నల వల్ల మీ రిపోర్టులు పనికిరాకుండా పోతాయి, ఏ సబ్జెక్ట్‌లో మీరు వెనకబడ్డారో తెలియదు. మిగిలేది స్క్రీన్ మీద ప్రశ్నలు, వాటికి కోచింగ్‌వాళ్లిచ్చిన ఆ రీకాల్స్ పీడీఎఫ్‌కి తేడా ఏముంది? టెలిగ్రామ్‌లో తిరిగే దొంగ స్క్రీన్‌షాట్లయితే సగం పాత పద్ధతి నాటివి.

పరీక్ష రోజు విషయం త్వరగా చెప్పేస్తాను. సెంటర్‌లో పాస్‌పోర్ట్ తప్ప ఇంకేదీ చెల్లదు. మన తెలుగువాళ్లకి ఇక్కడే ఒక చిక్కుంటుంది, సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంటుంది, పెళ్లయ్యాక కొందరికి ఇంకోలా ఉంటుంది. రిజిస్ట్రేషన్‌లో పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి, ఏటీటీ (పరీక్ష రాయడానికి వచ్చే అనుమతి) వచ్చిన రోజే అక్షరం అక్షరం సరిచూసుకోండి, పరీక్ష ఉదయం కాదు. లోపల అరచేతి నరాల స్కాన్ చేస్తారు, జేబులు తిప్పి చూపించమంటారు, రాసుకోవడానికి చెరిపేసే బోర్డు ఇస్తారు. పరీక్ష మొదలైన రెండు గంటలకి ఒక బ్రేక్, మూడున్నర గంటలకి ఇంకోటి అడుగుతారు, కావాలంటేనే, ఆ టైమ్ మీ ఐదు గంటల్లోంచే పోతుంది. నేను మొదటి బ్రేక్ తీసుకున్నాను, చల్లటి నీళ్లు మొహం మీద కొట్టుకుని వచ్చాను, ఆ తర్వాత ప్రశ్నలు మళ్లీ కనిపించడం మొదలెట్టాయి. బయటికొచ్చాక ఫెయిలని గట్టిగా అనిపించింది, పాసైనవాళ్లలో చాలామంది ఇదే చెప్తారు, ఎందుకంటే బాగా చేసేకొద్దీ కష్టమైనవే వస్తాయి. క్విక్ రిజల్ట్స్ ఇచ్చే స్టేట్ బోర్డ్ అయితే రెండు పనిదినాలు ఆగి 7.95 డాలర్లు కట్టి చూసుకోవచ్చు. రిజల్ట్ ముందే పసిగట్టాలని మళ్లీ రిజిస్టర్ చేయడానికి ప్రయత్నించి చూసే ఆ "ట్రిక్" జోలికి వెళ్లకండి, అది అధికారికం కాదు, కార్డులోంచి డబ్బు పోయే ప్రమాదం కూడా ఉంది.

పాసైతే విమానం ఎక్కేయొచ్చా అంటే అదీ కాదు. ఇంగ్లీష్ పరీక్ష, వీసాస్క్రీన్ (వీసా కోసం మన చదువు, లైసెన్స్ సరిచూసి ఇచ్చే సర్టిఫికెట్) ఉన్నాయి, ఆ తర్వాత ఈబీ3 (ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డ్) క్యూలో ఇండియావాళ్ల వంతు పదేళ్ల పైమాటే. మా బ్యాచ్‌లో కొందరు అందుకే ఆస్ట్రేలియా వైపు తిరిగారు, ఇదే పరీక్ష అక్కడా పనికొస్తుంది కాబట్టి కష్టం వృథా కాదు. మా అత్తగారు మాత్రం ఇప్పటికీ వారానికోసారి "వీసా ఎప్పుడమ్మా?" అంటారు.

రేటింగ్ అంటే ఐదుకి నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది ధరకి. ఒక్కసారైనా ఫెయిలై, సబ్జెక్ట్ వచ్చినా జవాబు దగ్గర తడబడుతున్నవాళ్లు కొనొచ్చు. మొదటిసారి రాయబోతూ కాలేజీ పుస్తకాలు ఇంకా గుర్తున్నవాళ్లకి తక్కువ రోజుల ప్లాన్ చాలు. బేసిక్స్ లేనివాళ్లు ఇప్పుడే వద్దు. ప్లాన్ ఏదైనా ఏటీటీ చేతికొచ్చి డేట్ దగ్గర్లో ఉన్నప్పుడే మొదలుపెట్టండి, లేకపోతే డ్యూటీలు, పండగలు, పెళ్లిళ్ల మధ్య రోజులు కరిగిపోతాయి. కొనే ముందు ఇంకో పని: ఫెయిలైనవాళ్లకి బోర్డ్ ఒక రిపోర్ట్ ఇస్తుంది, ఏ విభాగంలో పాస్ గీతకి పైన, ఏది దగ్గర, ఏది కింద అని అందులో ఉంటుంది. చాలామంది బాధతో దాన్ని తెరవకుండా పడేస్తారు. అది తెరిచి "కింద" అని ఉన్న విభాగాలు రాసుకోండి, ఉచిత ట్రయల్‌లో ఆ విభాగాల ప్రశ్నలే కొన్ని చేసి వివరణలు చదవండి, అవి మీకు అర్థమవుతున్నాయనిపిస్తేనే కార్డు బయటికి తీయండి.